కరక పట్టించిన పొడి

మొన్న ఆదివారం గుడివాడ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. నేను పాఠాలు చెప్పి రిటైరైన కాలేజీలో, నేను పరిశోధన చేసిన ల్యాబ్‌లోనే ఇప్పుడు తనూ చేస్తోందట. "మేడమ్, జియోలైట్‌కి ముందు కరక పట్టించాలని మా సారు చెప్పారండీ. కరక్కాయలు తెచ్చాను. నానబెట్టాలా, ఉడకబెట్టాలా అండీ?" అంది. నవ్వాపుకోలేక, మళ్ళీ చేస్తానని చెప్పమని ఫోన్ మా ఆయన చేతిలో పెట్టేశాను. కాసేపటికి ఆ నవ్వు ఎటో పోయి, పెడనలో మా ఇంటి వాకిట్లో పసుప్పచ్చగా ఆరేసిన కరక గుడ్డల వాసన గుర్తొచ్చింది.

మాది కలంకారీ అచ్చులు వేసే ఇల్లు. నేను కెమిస్ట్రీ చదివి, పీహెచ్‌డీకి చేరి, పొద్దున్నే బస్సెక్కి వెళ్తుంటే, గాలిని వడగట్టడానికి కూడా చదువుందా అని నాన్న ఆటపట్టించేవారు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు, నేను చేసే పని అదే. దివిసీమలో మా మేనత్త ఇంట్లో గోబర్ గ్యాస్ పొయ్యి ఉండేది, ఆ గ్యాసులో మండేదానితోపాటు మండని బొగ్గుపులుసు వాయువు కూడా బాగా కలిసి ఉండడంతో మంట ఎప్పుడూ నీరసంగానే వెలిగేది. ఆ మండనిదాన్ని అవతలికి పంపేసి మండేదాన్ని ఇవతల ఆపే పల్చటి పొర చెయ్యాలని నా పట్టుదల. ప్లాస్టిక్ లాంటి పాలిమర్‌ని కరిగించి, కంటికి కనపడనంత సన్నటి రంధ్రాలుండే జియోలైట్ అనే తెల్లపొడిని అందులో కలిపి, గాజుపలక మీద పోసి ఆరబెడితే ఆ పొర తయారవుతుంది.

తయారయ్యేది గానీ, పనిచేసేది కాదు. పొడికీ పాలిమర్‌కీ పొత్తు కుదరక మధ్యలో సందులుండిపోయి, గ్యాసంతా జియోలైట్ రంధ్రాల జోలికి పోకుండా ఆ సందుల్లోంచి జారుకునేది. మా గైడు గారు మంచివారే, అయినా వేసవి సెలవుల్లోపు తేలకపోతే ఈ అంశం వదిలేసి ఇంకోటి తీసుకోమని ఖరాఖండీగా చెప్పేశారు. వదిలే ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు. తప్పు నా ఆలోచనలో లేదు, చేసే తీరులో ఎక్కడో ఉందని గట్టి నమ్మకం.

ఆ రోజుల్లోనే ఒక సెలవునాడు, కాలువలో వదినతో కలిసి అచ్చుబట్టలు జాడిస్తుంటే, ఒక్క గుడ్డ మీది నల్లరంగు మొత్తం నీళ్ళలో కొట్టుకుపోయింది. వదిన బిక్కమొహం వేసింది. "దీనికి కరక పట్టించలేదు వదినా, ఉత్త తెల్లగుడ్డ మీదే అచ్చేశావు" అన్నాను. అనేశాక ఆ మాట నాకే వచ్చి తగిలింది. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేస్తే గానీ గుడ్డకి ఆ రంగు అంటదని పలకా బలపం పట్టకముందే తెలిసినదాన్ని, ల్యాబ్‌లో మాత్రం పొడిని ఉన్నదున్నట్టు చిక్కటి పాలిమర్‌లో గుమ్మరిస్తున్నాను. మర్నాడు అదే పాలిమర్‌ని గంజితేటలా పల్చగా కలిపి, ముందు పొడిని అందులో బాగా తిప్పి, ప్రతి రేణువుకీ సన్నటి పూత అంటుకున్నాక అప్పుడు చిక్కటిదాంట్లో కలిపాను.

ఆ పొరని బిగించి గోబర్ గ్యాస్ పంపితే, పొర దాటివచ్చింది అగ్గిపుల్లని ఆర్పేసింది, దాటకుండా ఆగింది నీలంగా, బియ్యపుగింజంత మంటై వెలిగింది. గైడు గారు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసి, ఏం చేశావమ్మా అంటే, "కరక పట్టించానండీ" అన్నాను. ఆ మాట ఆ ల్యాబ్‌లో అలా నిలిచిపోయింది. ఈ పద్ధతికి పుస్తకాల్లో అప్పటికే ఇంగ్లీషు పేరొకటి ఉందని తర్వాత తెలిసింది, తెలిసినా నా గర్వం వీసమెత్తు తగ్గలేదు. మా అమ్మాయి గాలిని వడగట్టిందని నాన్న వీధంతా చెప్పుకున్నారు.

గుడివాడ అమ్మాయికి మళ్ళీ ఫోన్ చేసి అసలు సంగతి చెప్పాను. మరి ఈ కరక్కాయలేం చెయ్యమంటారండీ అని అడిగింది. పెడనలో మా వీధిలో ఎవరికైనా ఇప్పిద్దామని వదినకి ఫోన్ చేశాను. నాన్న పోయాక అన్నయ్య స్క్రీన్ ప్రింటింగుకి మారాడు, డబ్బా రంగులకి కరకతో పనిలేదు, చుట్టుపక్కల ఇళ్ళలోనూ ఇంచుమించు అంతే. కరక అన్న మాట విని ఎన్నాళ్ళయిందో అంది వదిన. మా వీధే మరిచిపోతున్న మాటని, గ్యాసుల ల్యాబ్‌లో ఏ ఊరి పిల్లో అర్థం తెలియకపోయినా పట్టుకుని ఉంది. నాకు సంతోషమూ వేసింది, గుండె బరువూ ఎక్కింది.

కరక్కాయల్ని ల్యాబ్‌లోనే ఒక సీసాలో పోసి ఉంచమన్నాను. తర్వాత వచ్చేవాళ్ళు కరక అంటే ఏమిటని అడిగితే, చూపించడానికి అక్కడైనా ఉంటాయి.