ప్రతి బెంచీ మీదా కాసేపు

బహ్రెయిన్‌లో మా అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు, ఒక శుక్రవారం సాయంత్రం గుదైబియాలో పార్కుకు వెళ్లాను. అక్కడ తెల్లజుట్టు విదేశీయురాలు ఒకామె ఒక బెంచీ మీద కూర్చోవడం, అంతలోనే లేచి పక్కదాని మీదికి మారడం చూసి నాకు నవ్వొచ్చింది. నా బెంచీ దాకా వచ్చేసరికి ఉండబట్టలేక, "ఏదీ నచ్చడం లేదా?" అని ఇంగ్లీషులో అడిగాను.

ఆవిడ కూడా నవ్వింది. పేరు రూత్, బ్రెజిల్ నుంచి వచ్చిందట.

"మా అమ్మ బెర్లిన్‌లో పుట్టింది. హిట్లర్ వచ్చాక యూదులను పార్కు బెంచీల మీద కూర్చోనిచ్చేవారు కాదు. మోకాళ్ల నొప్పులతో మా తాతయ్య చెట్టుకు ఆనుకుని నిలబడేవాడట. అమ్మ ఓడెక్కి బయటపడింది. తాతయ్యను చంపేశారు. ఆ తర్వాత అమ్మ ఏ ఊరెళ్లినా ప్రతి బెంచీ మీదా కూర్చునేది. ఇప్పుడా పని నాది," అంది, కూరగాయలు తెచ్చే పని గురించి చెప్పినంత తేలిగ్గా.

నేను లేచి నిలబడ్డాను. "పదండి, నేనూ వస్తాను," అన్నాను.

మిగిలిన వాటి మీద ఇద్దరం కూర్చుంటూ వెళ్లాం. చివరి బెంచీ నిండా మనవాళ్లే. మాటను బట్టి జగిత్యాల వైపు కూలీలనిపించింది. శుక్రవారం అక్కడ సెలవు కదా, కబుర్లలో ఉన్నారు. రూత్ ఆగిపోయింది. నేను సంగతి చెప్పబోయేలోగానే వాళ్లలో పెద్దాయన పక్కవాళ్లను జరగమని, చేత్తో బెంచీ తుడిచాడు.

"కూసోండ్రమ్మా. జాగ మస్తుగున్నది," అన్నాడు.

ఏమన్నాడని రూత్ అడిగింది. చెప్పాను. ఆవిడ వాళ్ల మధ్యన కూర్చుని, చాలాసేపటి దాకా లేవలేదు.