బోనులో నిలబడి విన్న తీర్పు

నరసరావుపేట బస్టాండులో కండక్టరు "నూజెండ్ల, నూజెండ్ల" అని కేకేస్తే ఇప్పటికీ ఉలిక్కిపడతాను. ఇరవై ఏళ్ళుగా కోర్టులో స్టెనోగ్రాఫరుని. రోజూ నన్ను ఇంటికి చేర్చే బస్సే అది. అయినా ఆ కేక వింటే మా జడ్జిగారు కళ్ళముందు నిలబడతారు.

ఆయన తర్వాత హైకోర్టు జడ్జి అయ్యారు. ఇక్కడ సెషన్సు జడ్జిగా ఉన్నప్పుడు ఆయనకో వింత అలవాటుండేది. తీర్పు టైపయ్యాక, హాలు ఖాళీ అయ్యాక, వెళ్ళి ముద్దాయి బోనులో నిలబడేవారు. నేను ఎదురుగా నిలబడి మొత్తం గట్టిగా చదవాలి. మొదటిసారి గుడ్లప్పగించి చూశాను.

"ఏంది అట్టా చూస్తావు? ఈడ నిలబడితేనే తప్పు వినపడుద్ది. చదువు," అన్నారు. ఆయనది గురజాల వైపు. అలా విని, రాయించిన తీర్పునే చించేయించడం రెండుసార్లు కళ్ళారా చూశాను.

ముప్పాళ్ళ హత్య కేసు తీర్పు టైపు పూర్తయ్యేసరికి అయిదున్నర దాటింది. మర్నాడు కోర్టు మొదలవగానే చెప్పాలి. "ఆరింటి నూజెండ్ల బస్సు పోద్ది సార్. ఈ ఒక్కసారికి చదవడం వదిలేద్దామా?" అన్నాను. ఆయన గడియారం చూసి, "సరే, పో అమ్మాయ్," అన్నారు. మర్నాడు ముద్దాయికి యావజ్జీవం పడింది.

నాలుగేళ్ళ తర్వాత ఒక ఆదివారం, అప్పటికే హైకోర్టులో ఉన్న మనిషి, ఒంటరిగా మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. చేతిలో ఆ తీర్పు నకలు. హైకోర్టులోనే వేరే జడ్జీలు దాన్ని కొట్టేసి ఆ ముద్దాయిని విడుదల చేశారట. కుర్చీ వేస్తే కూర్చోలేదు. చేతులు కట్టుకుని నిలబడి, "చదువు," అన్నారు. వీధి దీపం వెలుగులో ముద్దాయిని చూశానని సాక్షి చెప్పింది నమ్మదగిందని రాయించినచోట ఆపమన్నారు.

"మూడో పేజీలో ఏం రాయించా?"

తిప్పి చూశాను. హత్య జరిగిన రాత్రి ఊళ్ళో కరెంటే లేదని ఉంది. రెండూ నేను టైపు చేసినవే.

"తొందర నాదే కదా సార్!" అని ఏడ్చేశాను.

"నీకు బస్సుంది అమ్మాయ్. నాకేం తొందర?" అన్నారు. మెట్టు దిగుతూ, "ఆ ముద్దాయి జైల్లో ఉండగానే వాళ్ళమ్మ పోయిందంట," అన్నారు. మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయారు. ఒక్క మాట తిట్టినా బాగుండేదనిపించింది.

ఇప్పుడు వేరే జడ్జిగారి దగ్గర పని. తీర్పు టైపయ్యాక, ఖాళీ హాల్లో ఆ బోనెక్కి మొదటి నుంచి చివరిదాకా పైకి చదువుకుంటాను. ఆరింటి బస్సు హారను వినపడుతూనే ఉంటుంది. పోనిస్తాను.