చెంబులో కలిపిన మందు

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డలో కుక్కకు దువ్వెన ఉంటుందంటే జనం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. వీధిలో పుట్టి, వీధిలో తిని, వీధిలోనే పోయేదాన్ని మేం కుక్క అనేవాళ్లం. అలాంటి ఊళ్లో మా ఇంటికి దువ్వెనతో సహా ఒక కుక్క వచ్చింది. టెర్రియర్ జాతి అట. మోకాలి ఎత్తు కూడా లేదు. ఒళ్లంతా కొబ్బరిపీచులాంటి గరుకు తెల్లవెంట్రుకలు, చెవులు మాత్రం బెల్లం రంగు, మూతికి మేకపోతు గడ్డం. పేరు జిమ్మీ.

అది మాది కాదు. మా తాత కాలువల ఆఫీసులో జీపు డ్రైవరు. కుక్క ఆ ఆఫీసు ఇంజనీరుగారి భార్యది. ఆమె తల్లికి జబ్బు చేసి రెండు నెలలు మద్రాసు వెళ్లాల్సి వచ్చింది. ఇంజనీరుగారు ఎప్పుడూ క్యాంపుల్లోనే ఉంటారు. బంగళాలో నౌకర్లు ఉన్నా వాళ్ల మీద ఆమెకు నమ్మకం లేదు. మా తాతను పిలిపించి, కుక్కను చేతికిచ్చి, పిల్లలు లేని తనకు అదే బిడ్డ అని చెప్పి కళ్లు తుడుచుకుందట. ఇంటికొచ్చి ఆ సంగతి తాత మాకు రెండుసార్లు చెప్పాడు. అంతమందిలో తనను నమ్మినందుకు ఆయనకు గర్వంగానే ఉండేది.

దాన్ని సాకడం మేం అనుకున్నంత తేలిక కాదు. ఒక మూల పడి ఉండే రకం కాదది. మట్టి వాసన తగిలితే తవ్వడమే. పెరట్లో పందికొక్కు బొక్క కనబడిందంటే తల లోపల, తోక బయట. ఎంత లాగినా తోక తప్ప ఏదీ కదిలేది కాదు. పిలిస్తే వినబడనట్టు నటించేది. ఇంజనీరమ్మ చెప్పిపోయిన పద్ధతులు బోలెడు. రోజూ దువ్వాలి, చచ్చిన వెంట్రుకలను వేళ్లతో పీకాలి, తిన్నాక గడ్డం తుడవాలి, లేకపోతే అక్కడ పుండు పడుతుంది. పాలూ రొట్టె పెట్టమని కూడా చెప్పింది గానీ, రెండో రోజుకే అది తాత కంచం పక్కన కూర్చుని సంగటిముద్దకు అలవాటు పడిపోయింది. "ఈయప్ప మనవండ్లకు గూడా ఇంత సేవ చేయలే" అని మా అవ్వ దెప్పేది. తాత నవ్వి ఊరుకునేవాడు.

ఎండలు ముదిరాక దానికి గోమార్లు పట్టాయి. రక్తం తాగి శనగగింజంత ఉబ్బే పురుగులవి. ఆ గరుకు వెంట్రుకల కింద దాక్కుంటే పైకి కనబడవు. తాత రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని, కుక్కను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని, చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో వెతికేవాడు. దొరికినదాన్ని తల తెగిపోకుండా మెల్లగా లాగి, కిరసనాయిలు పోసిన కొబ్బరిచిప్పలో వేసేవాడు. గంట పట్టేది. ఏదైనా మందు పూయకూడదా అని ఎవరైనా అడిగితే, "దీనికి మందూ మాకూ ఎందుకప్పా, చేతులుండాయి గదా" అనేవాడు. నేను పక్కనే కూర్చుని ఆ మాట రోజూ వినేదాన్ని. విన్నానే గానీ చెవికెక్కించుకోలేదు.

ఒకసారి ఇంజనీరుగారితో రెండు రోజుల క్యాంపుకు వెళ్తూ తాత ఆ పని నాకు అప్పజెప్పాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మొదటి రోజు బుద్ధిగా చేశాను. రెండో రోజు మధ్యాహ్నం పక్కింటి అరుగు మీద పిల్లలు అచ్చనగాయలు ఆడుతున్నారు. గంటసేపు కుక్క కాళ్లు వెతుక్కుంటూ కూర్చోవడం నాకు కష్టమనిపించింది. కుక్కకు మేలు చేద్దామనే చేశానని తర్వాత నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. అది అబద్ధం. అసలు కారణం బద్ధకం.

ఎదురింటి మామ పత్తిచేనుకు కొట్టే మందును ఒక మూతెడు బకెట్టు నీళ్లలో కలిపి, గుడ్డతో గేదెలకు పూయడం నేను చాలాసార్లు చూశాను. అప్పట్లో మా వైపు అది మామూలే. పేలు పోవాలని పిల్లల తలకు పూసిన తల్లులు కూడా ఉన్నారు. ఆయన కొట్టంలో డబ్బా ఉండేది. ఎవరూ చూడకుండా మూతెడు మందు పట్టుకొచ్చాను. కుక్క చిన్నది గదా అని బకెట్టుకు బదులు చెంబు తీసుకున్నాను. నీళ్లు తగ్గించాను, మందు తగ్గించలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. మందు పూసిన కాసేపటికి ఆ మామ గేదెలను కాలువలోకి తోలి శుభ్రంగా కడిగేవాడు. పూయడం గుర్తుపెట్టుకున్న నేను, కడగడం ఎందుకో ఆలోచించలేదు. జిమ్మీకి ఒళ్లంతా పూసి, గుంజకు కట్టేసి, ఆటకు పోయాను. ఒళ్లు తడిస్తే కుక్క ఏం చేస్తుంది? నాక్కుంటుంది.

పొద్దు వాలేటప్పుడు జీపు చప్పుడు విని ఇంటికి పరుగెత్తాను. ఒక్క గోమారి కూడా లేదని చెప్పి మెప్పు పొందాలని నా ఆశ. తాత అప్పటికే గుంజ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. జిమ్మీ గడ్డం నిండా నురగ. కాళ్లు కొట్టుకుంటున్నాయి.

"ఏందిమ్మే ఈ వాసన? ఏం పూసినావ్?"

చెప్పాను. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. ముందు నన్ను బావి దగ్గరికి ఈడ్చుకుపోయి, మోచేతుల దాకా సబ్బు పెట్టి మూడుసార్లు కడిగాడు. ఆ తర్వాతే కుక్క మీద నీళ్లు గుమ్మరించాడు. ఊళ్లో పశువుల డాక్టరు లేడు. నంద్యాలకు పోవాల్సిందే. ఆఫీసు జీపును అడగకుండా తీయడం నేరమని ఆయనకు తెలియనిది కాదు. అయినా తీశాడు. కుక్కను తువ్వాల్లో చుట్టి వెనక సీట్లో నా ఒళ్లో పెట్టాడు.

దారిలో శిరివెళ్ల చేరకముందే జిమ్మీ కాళ్లు బిగుసుకుని, తర్వాత మెత్తబడ్డాయి. నేను చెప్పలేదు. చెబితే జీపు ఆపేస్తాడని భయం. ఆయనే అద్దంలో నా ముఖం చూసి రోడ్డు పక్కకు తీశాడు. ఇంజను ఆపాడు. వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"నువ్వు పూయలే. నేనే పూసినా. ఎవురడిగినా ఇదే మాట. తెలిసిందా?"

తల ఊపాను. ప్రాణం లేచొచ్చినట్టయింది. దాచను, కుక్క పోయిందన్న దుఃఖం కంటే నేను తప్పించుకున్నానన్న హాయే ముందు కలిగింది. చీకటి పడేలోపు కాలువగట్టు కింద గుంత తీసి పూడ్చాడు. నన్ను మట్టి వేయనివ్వలేదు.

పది రోజులకు ఇంజనీరమ్మ వచ్చింది. తాత భుజం మీది తువ్వాలు తీసి చేత పట్టుకుని, "తెలీక నేనే పూసినానమ్మా" అన్నాడు. ఆమె అరవలేదు. గుమ్మం పక్కన నిలబడ్డ నన్ను చూసి, రోజంతా నీ దగ్గరే ఉండేది కదా, నువ్వేమీ చూడలేదా అని అడిగింది. లేదని తల అడ్డంగా ఊపాను. అబద్ధం తాతది అనుకుంటూ వచ్చాను గానీ, ఆ తల ఊపడం మాత్రం ఎవరూ నేర్పింది కాదు. అది నా సొంతం.

జీపు ఆయన చేతి నుంచి పోయింది. తూముల దగ్గర కావలికి వేశారు. ఇన్నేళ్లూ బండి నడిపిన మనిషి, ఎండలో కాలువగట్టు వెంట నడిచి పోయి, నడిచి వచ్చేవాడు. రాత్రి పూట అవ్వ ఆయన పాదాలకు ఆముదం రాస్తూ సణిగేది. "కుక్క సావు మన నెత్తికి వచ్చె" అనేది. తాత నా వైపు చూసేవాడు కాదు. చూస్తే నేను చెప్పేస్తానని అనుకున్నాడేమో. ఆయన అంత భయపడాల్సిన పని లేదు. నేను చెప్పలేదు.

ఆయన పోయాక, నేను నంద్యాలలో టీచరు ట్రైనింగు చదువుతుండగా, ఇంజనీరమ్మ వాళ్లు రిటైరై ఆ ఊళ్లోనే స్థిరపడ్డారని తెలిసింది. వారం రోజులు ధైర్యం కూడగట్టుకుని వెళ్లాను. వాకిట్లో అదే జాతి కుక్క ఇంకొకటి నా చెప్పుల వాసన చూసి మొరిగింది. నేనెవరి మనవరాలినో చెప్పగానే ఆమె ముఖం ముడుచుకుంది.

"ఆ తాగుబోతు డ్రైవరు మనవరాలివా? తాగిన మైకంలో నా బిడ్డ మీద విషం పోశాడు."

మా తాత జన్మలో కల్లు కూడా ముట్టలేదు. పత్తిమందు అంత ఘోరంగా కలిపే మనిషి ఒళ్లు తెలిసి ఉండడని, తాగే ఉంటాడని ఆమె అనుకుంది. ఏళ్ల తరబడి అందరికీ అలాగే చెప్పుకుంది. తొమ్మిదేళ్ల పిల్ల చెంబులో కలిపిందని ఆమెకెలా తెలుస్తుంది? చెప్పడానికి నోరు తెరిచాను. "ఆయన తాగడమ్మా" అన్నాను. మిగతాది రాలేదు. ఆమె తలుపు వేసుకుంది. ఇంకోసారి కొట్టలేదు నేను.

ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాను. పిల్లవాడు కిటికీ అద్దం పగలగొట్టి, వాళ్లమ్మ అది తనే పగలగొట్టానంటూ వస్తే, ఆమెను బయట కూర్చోబెట్టి పిల్లవాడి నోటితోనే చెప్పించేదాన్ని. ఏడ్చినా వదిలేదాన్ని కాదు. నాకు రాక్షసి అని పేరు. అది వాళ్ల మీద కోపంతో కాదని పిల్లలకు తెలియదు, తల్లులకు అసలే తెలియదు.

మా తాతది ప్రేమేనని నాకు తెలుసు. అయినా ఆయన మీద నా కోపం తగ్గలేదు. ఆ రోజు నాలుగు తగిలించి, చెయ్యి పట్టుకుని ఆమె ముందు నిలబెట్టి ఉంటే, పదిరోజులు ఏడ్చి మరిచిపోయేదాన్ని. ఇంజనీరమ్మ కూడా పోయిందని ఈ మధ్యే విన్నాను. ఇప్పుడు ఇది ఎవరికి చెప్పినా కబురు అవుతుంది గానీ ఒప్పుకోవడం కాదు.