టైపు వదిన పాత డిస్కు

టైపు వదిన కంప్యూటరు ఆన్ చేసి, సంబంధం చూసుకుని, పెళ్లి చేసుకుని, పుట్టిన పిల్లను బడిలో వేసి వచ్చినా అది ఇంకా తెరుచుకుంటూనే ఉండేది. సరే, బడి మాట అబద్ధం. పెళ్లి కూడా కాస్త ఎక్కువే. కానీ టీ పెట్టుకుని, చల్లార్చుకుని, తాగి, గ్లాసు కడిగి బోర్లించేంత సేపు మాత్రం నిజంగా పట్టేది. కావాలంటే పక్క కొట్టు టైలరక్కను అడగండి.

వదిన తన బావగారి జిరాక్సు కొట్టులో టైపు చేస్తుంది. ఇల్లు పైన, కొట్టు కింద. మెట్లు దిగితే నేరుగా కొట్టు వెనక గదిలోకే. దానికి కిటికీ లేదు. ఒక పక్క గోడ, ఇంకో పక్క వేడి కక్కే జిరాక్సు మిషను, మధ్యలో ఆవిడ స్టూలు. గుమ్మానికి అడ్డంగా బావగారి కుర్చీ. ఆయన చెడ్డవాడేం కాదు. ఆవిడ లేవబోతే, "ఇదొక్కటీ కొట్టేసి లే అమ్మాయ్" అంటాడు, అంతే. ఆ ఒక్కటికి సాయంత్రందాకా పిల్లలు పుడుతూనే ఉంటాయి.

కంప్యూటరు తెరుచుకునేటప్పుడు మాత్రం కొట్టడానికేం ఉండదు గనక ఆయనే కుర్చీ జరుపుతాడు. వదిన వీధి మెట్టు మీదికెళ్లి ఎండలో నిలబడుతుంది. పొద్దున ఒకసారి, అది మొరాయించినప్పుడల్లా మరోసారి.

"గుర్రం ఇంకా లేవలేదా వదినా?" అంటుంది టైలరక్క, కుట్టు ఆపకుండానే.

"దాణా తింటోంది."

"తిననీ. దానికి కడుపు నిండితే నీకు మాడుతుంది."

ఒకరోజు బావగారు పేకముక్కల కట్టంత డబ్బా పట్టుకొచ్చాడు. "ఎస్ఎస్‌డీ అంటారు దీన్ని, కొత్తరకం డిస్కు. ఇక చిటికె వేస్తే తెరుచుకోవాలి. మెకానిక్కు ఫోనెత్తడం లేదు. దుమ్ము దులపడానికి నువ్వు విప్పుతుంటావుగా, నువ్వే బిగించెయ్. పాత డిస్కు మాత్రం పీకకు, డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి."

వదిన కరెంటు తీసి, పక్క రేకు విప్పింది. కొత్తదాన్ని గూట్లో పెట్టి మరలు బిగించింది. ఒక వైరు కరెంటుకు, ఒకటి బోర్డుకు తగిలించింది. బావగారు టార్చి పట్టుకుని, వెలుతురు తప్ప సలహాలన్నీ సరిగ్గా పడేలా చూశాడు. పాత డిస్కులోదంతా కొత్తదానిలోకి ఎక్కడం భోజనాల వేళ దాటాక పూర్తయింది. అప్పుడే గిరాకీ రావడంతో ఆయన ముందుకెళ్లాడు.

వదిన కొత్త డిస్కుతో ఆన్ చేసింది. స్టూలు వెనక్కి జరిపేలోపే తెర మీద అన్నీ వచ్చి కూర్చున్నాయి. ఆవిడ జరిపిన స్టూలును మళ్లీ ముందుకు లాక్కుంది. గది అంతకుముందు కంటే ఇరుకైనట్టనిపించింది. మిషను వేడి చెంపకు తగులుతోంది.

తర్వాత కంప్యూటరు ఆపి మళ్లీ ఆన్ చేసి, ముందు ఏ డిస్కు లేవాలో అడిగే నీలం తెరలోకి వెళ్లింది. వరసలో పాతదాన్ని మొదటికి జరిపింది. సేవ్ నొక్కింది.

బావగారు వచ్చి చాలాసేపు తెరకేసి చూశాడు. "ఏంటమ్మాయ్, కొత్తది పెట్టినా ఇంతేనా?"

"కొత్తది కదా బావగారూ. ఇల్లు అలవాటు కావాలి."

"ఎన్నాళ్లకు అవుతుంది?"

"నాకే ఇంకా కాలేదు."

ఆయన నిట్టూర్చి కుర్చీ జరిపాడు.

అప్పట్నుంచి ఆయన రోజూ మెకానిక్కును రప్పిస్తానంటూనే ఉన్నాడు. "రప్పించండి" అంటుంది వదిన. మెట్టు మీద నిలబడ్డా ఒక చెవి మాత్రం వీధి మలుపు దగ్గరే ఉంటుంది. బండి చప్పుడైతే చాలు, మెకానిక్కేమోనని, మొహం మీది ఎండ అలాగే ఉన్నా ఒళ్లు అప్పుడే గదిలో ఉన్నట్టయిపోతుంది.

ఈ కథంతా నేను వెళ్లి ఆవిడ ముందు పెడితే, మెట్టు మీద కళ్లు మూసుకుని నిలబడే విన్నది. లోపల్నుంచి బావగారు, "ఇంకా తెరుచుకోలేదమ్మాయ్, తొందరేం లేదు" అని కేకేశాడు.

"ఎవరు పుట్టించారండీ ఇవన్నీ?" అంది వదిన. "అలాంటిదేం జరగలేదు. మా కంప్యూటరు చిటికెలో తెరుచుకుంటుంది. నేనసలు ఈ మెట్టు మీదికే రాను."