పడటం నేర్పిన అమ్మమ్మ

ఆ ఏడాది శీతాకాల ఒలింపిక్స్ కొరియాలో జరుగుతుంటే, బ్రిస్బేన్ పక్కన మా స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఫిబ్రవరి ఎండ మాడ్చేస్తోంది. ఒంగోలు నుంచి మమ్మల్ని చూడటానికి వచ్చిన అమ్మ, ఏసీ కింద సోఫాలో బాసింపట్టు వేసుకుని మధ్యాహ్నాలు ఫిగర్ స్కేటింగ్ చూసేది. ఆవిడ రిటైరైన డ్రిల్లు టీచరు. ఆడపిల్లలకు కబడ్డీ నేర్పి జిల్లా పోటీలకు తీసుకెళ్లిన మనిషి. మెరిసే గౌన్లూ సంగీతమూ ఆవిడకు పట్టలేదు. చూపంతా కాళ్ల మీదే.

ఒక శనివారం, టీవీలో ఒకమ్మాయి గాల్లో గిర్రున తిరిగి దిగబోతూ జారి పడింది. నేను కళ్లు మూసుకున్నాను.

"కళ్లు మూసుకుంటే ఎట్టా? ఎంత బాగా పడిందో చూడు," అంది అమ్మ. "చేతులు కింద ఆనించలా. తుంటి మీద పడి అట్టా జారిపోయింది. ఎవరో గాని బాగా నేర్పారు."

ఆ అమ్మాయి లేచి, మళ్లీ పాటతో కలిసి చివరిదాకా ఆడింది. మా ఎనిమిదేళ్ల కూతురు నోరు తెరుచుకుని చూసింది. స్నేహితులు మంచు మీద స్కేటింగ్ చేసే ఐస్ రింక్‌కి రమ్మంటే, పడతానన్న భయంతో ఎప్పుడూ వెళ్లని పిల్ల అది.

"ఐ వుడ్ జస్ట్ క్రై, అమ్మమ్మా," అంది.

"ఏడుద్దువుగానిలే. ముందు పడదాం రా."

నా చేత పరుపు హాల్లో వేయించింది. మోకాళ్లు వంచు, పక్కకి ఒరుగు, గడ్డం గుండెకి ఆనించు. ఆ వారమంతా సాయంత్రాలు ఇద్దరికీ అదే పని. మా ఆయన ఆఫీసు నుంచి రాగానే, "ఏంటత్తయ్యా, ఇంటిని గోదా చేశారు?" అంటూ బూట్లు విప్పి తనూ ఓసారి పడ్డాడు.

తర్వాతి శనివారం రింక్‌కి వెళ్లాం. మా పిల్ల గోడ వదిలిన మరుక్షణమే పడింది. పక్కకి ఒరిగి, జారి, నవ్వుతూ లేచింది. అక్కడ స్కేటింగ్ నేర్పే అమ్మాయి మా దగ్గరికొచ్చి, ఇలా పడటం ఎవరు నేర్పారని అడిగింది. నేను అమ్మను చూపించాను.

"బాగా పడుతోంది. కానీ వేళ్లు గుప్పిట్లో దాచుకోమనండి. లేకపోతే ఎవరి బూటు బ్లేడైనా వేళ్ల మీదికెక్కుతుంది," అందా అమ్మాయి ఇంగ్లీషులో. నేను తెలుగులో చెప్పాను.

అమ్మ తన వేళ్లు గుప్పిట్లోకి ముడిచి చూసుకుంది. "నిజమే. ఈ సంగతి నాకు తట్టలేదు," అని, "నా సైజు బూట్లు దొరుకుతాయేమో అడుగు," అంది.

వద్దని నేను చెప్పేలోపే బెంచీ మీద కూర్చుని చెప్పులు విప్పేసింది. పంజాబీ డ్రెస్ మీద నా జాకెట్ వేసుకుని, పడకుండా చిన్నపిల్లలు పట్టుకునే, సీల్ జంతువు ఆకారపు ప్లాస్టిక్ బొమ్మను తోసుకుంటూ, మనవరాలు పక్కన నడిపిస్తుంటే రింకంతా ఒక చుట్టు తిరిగింది. చుట్టూ పిల్లలు రివ్వున దూసుకుపోతున్నా తల తిప్పలేదు. బయటికొచ్చాక బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

ఇంటికొస్తూ దారిలో వేడి బంగాళదుంప చిప్స్ కొన్నాం. అమ్మ ఉప్పంటిన వేళ్లు తుడుచుకుంటూ, "వచ్చే వారం ఎన్నింటికి బయల్దేరదాం?" అని మా ఆయన్ని అడిగింది.