వేన్ సార్ ఆటకు వచ్చిన జనం

కుక్కర్ దించుతుంటే ఇవాళ కూడా వంటింట్లో తోలు వేడెక్కిన వాసన వచ్చింది. ఆ వాసన తగలగానే నాకు ఖతార్, రాస్ లఫాన్ ఇసుక, ఒక అమెరికావాడి పెద్ద గొంతు వరసగా గుర్తొస్తాయి. కాబట్టి మీకిప్పుడు ఒక వీరగాథ చెబుతాను. ఇందులో ఎడారి ఉంది, ఎదురెదురుగా రెండు సైన్యాలున్నాయి, ఒక యోధుడి తీరని కోరిక ఉంది. నిజం చెప్పమంటే, ఆ ఎడారి మా పనివాళ్ల క్యాంప్ వెనక పైపులు పడేసే ఖాళీ జాగా. సైన్యానికి తొమ్మిదేసి మంది. యోధుడు మా సేఫ్టీ ఆఫీసరు. కోరిక ఒక్కటే నిఖార్సయినది.

ఆయన పేరు వేన్. క్యాంప్‌లో మావాళ్లందరికీ వేణు సార్. తొంభైల మధ్యలో, గ్యాస్ ప్లాంటు ఇంకా ఉత్త ఇనుప చట్రంగా నిలబడి ఉన్న రోజుల్లో, రాజోలు నుంచి వెళ్లిన నేను ఆయన ఆఫీసులో టైపిస్టుని. వేళ్లు టైపు కొడుతుంటే నోరు ఊరికే ఉండేది కాదు. ఒకరోజు టీ తాగుతూ, కాలేజీలో మీరేం ఆడేవారు సార్ అని అడిగాను. చల్లారిపోయేదాకా ఆయన టీ ముట్టుకోలేదు.

"మా కాలేజీలో ఫుట్‌బాల్ ఉందంటే ఊళ్లో కొట్లు మూసేసేవాళ్లు. బాస్కెట్‌బాల్ టికెట్ల కోసం పిల్లలు వరసలోనే పడుకునేవాళ్లు. నేను ఆడింది బేస్‌బాల్. మా అమ్మ వచ్చేది. ఒక ముసలి ప్రొఫెసర్ కూడా వచ్చేవాడు, ఎండలో కూచుని పేపరు చదువుకోవడానికి."

"మీరు సరిగ్గా ఆడేవాళ్లు కాదేమో సార్."

"గెలిచేవాళ్లం. బాధంతా అదే. గెలిచి చుట్టూ చూస్తే ప్రొఫెసర్ పేజీ తిప్పుతూ ఉండేవాడు."

కారణాలు కూడా ఆయనే చెప్పాడు. బాగా ఆడే కుర్రాళ్లు చాలామంది కాలేజీ మొహం చూడకుండానే జీతాలిచ్చే జట్లలోకి పోతారట. ఆట జోరందుకునేసరికి పరీక్షలు, అవి అయ్యేసరికి హాస్టళ్లు ఖాళీ. ఫుట్‌బాల్‌కు ఉన్న ముహూర్తబలం బేస్‌బాల్‌కు లేదన్నమాట. ఇప్పుడు ఆయనకు యాభై దాటాయి, భుజం పాడైంది, బంతి విసరలేడు. మే నెలాఖరుకు కాంట్రాక్టు అయిపోతుంది. ఈలోపు నిండా జనం ఉన్న చోట ఒక్క బేస్‌బాల్ ఆట ఆడించి, దాన్ని కళ్లారా చూసి వెళ్లాలి. అంతకుమించి కోరికేమీ లేదన్నాడు.

మా క్యాంప్‌లో మాత్రం ఏం తక్కువ? మొదటి పీట క్రికెట్‌ది, రెండోది మలయాళీల ఫుట్‌బాల్‌ది, మూడోది మా కబడ్డీది. ఆ తర్వాత క్యారమ్స్. సముద్రాలు దాటి వచ్చినా బేస్‌బాల్ స్థానం మారలేదు. "మీ అదృష్టం కూడా మీతోపాటే వీసా తీసుకున్నట్టుంది సార్" అన్నాను. నవ్వాడు. మర్నాడు జట్టు కోసం వెతకడం మొదలుపెట్టాడు.

మొదట దొరికినవాడు లచ్చన్న. జగిత్యాల వైపు మనిషి, ఇనుప గొట్టాల పరంజా, అదే స్కాఫోల్డింగ్, కట్టేవాడు. కిందినుంచి గొట్టాలు బిగించే ఇనుప క్లాంపు విసిరితే రెండో అంతస్తులో ఉన్నవాడి అరచేతిలో పడాల్సిందే. పైనుంచి వచ్చేదాన్ని అలాగే వట్టి చేత్తో అందుకునేవాడు. సేఫ్టీ రూల్సు ప్రకారం ఇది మహాపాపం. వేన్ సార్ సరిగ్గా ఆ పాపం జరుగుతుండగా వెళ్లి కింద నిలబడ్డాడు. పని పోయిందనుకుని లచ్చన్న చేతులు కట్టుకున్నాడు.

"ఇంకోసారి విసురు" అన్నాడు సార్.

లచ్చన్న నావైపు చూశాడు. "తమ్మీ, గిదేం పరేషాన్? సారు తిడుతుండా, మెచ్చుకుంటుండా?"

"రెండూ అన్నా. ముందు విసురు, తిట్లు తర్వాత వస్తాయి."

తిట్లు నిజంగానే వచ్చాయి. క్లాంపులు విసరడం ఆ రోజుతో బంద్. దాని బదులు శుక్రవారాలు బంతి.

క్రికెట్ తాగి పెరిగినవాళ్లకు బేస్‌బాల్ నేర్పడం ఎలా ఉంటుందో ఎదురుగా ఉండి చూశాను. బంతిని కొట్టి మావాళ్లు బ్యాటు పట్టుకునే పరిగెత్తేవాళ్లు. కాలు మోపాల్సిన బేస్‌గా పెట్టిన, ఇసుక నింపిన సిమెంటు సంచి దగ్గరకు వచ్చి, కాలు పెట్టకుండా, వంగి బ్యాటు కొస ఆనించేవాళ్లు. అవుట్. మళ్లీ అదే. మళ్లీ అవుట్.

"బ్యాటు అక్కడే పడేసి ఉరకాలి లచ్చన్నా" అని సార్ మాట నేను తెలుగులో చెప్పాను.

"పడేసి పోతె ఎవడన్న ఎత్తుకపోతె? క్యాంపుల చెప్పులే ఉంటలెవ్వు, బ్యాటుంటదా?"

బంతి పట్టడానికి ఎడమచేతికి తొడిగే తోలు గ్లవ్ దగ్గర ఇంకో తగాదా. "చేతికి చెప్పు తొడిగినట్టున్నది" అనేవాడు లచ్చన్న. చెప్పు తొడిగిన చేతిలోంచి బంతులు రాలిపోతూనే ఉండేవి.

నేనూ ఆడాను. నా ఆట గురించి ఎక్కువ చెప్పను. మూడో శుక్రవారం వేన్ సార్ నా చేతిలోంచి బ్యాటు మెల్లగా తీసేసుకుని, ఫైర్ డ్రిల్‌లో అరిచే మైకు పెట్టాడు.

"డ్యూటీ అంతా మాట్లాడుతూనే ఉంటావుగా. ఇక్కడ మాట్లాడు. అర్థం కాని ఆటను ఎవడూ చూడడు. అర్థమయ్యేట్టు చెప్పేవాడు మా కాలేజీలో లేకపోయాడు."

అప్పటిదాకా నా నోటికి దొరికినవన్నీ హెచ్చరికలు. ఉద్యోగం దొరకడం అదే మొదలు.

ఆట రోజున దోహా నుంచి ఇంజనీర్ల జట్టు వచ్చింది. అమెరికన్లు, కెనడావాళ్లు, ఇద్దరు ఫిలిప్పీన్స్ కుర్రాళ్లు. అందరికీ ఒకే రంగు టోపీలు. మావాళ్లవి సైట్ హెల్మెట్లు. సాయంత్రానికి వందలకొద్దీ జనం వచ్చారు. పైపుల గుట్టల మీద, కేబుల్ చక్రాల మీద, చివరికి నీళ్ల ట్యాంకర్ మీద కూడా మనుషులే. వేన్ సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. క్యాంపంతా తిరిగి నేను కొట్టిన డప్పు ఫలించిందని నేనూ మురిసిపోయేవాణ్నే. కానీ ఆ పూట క్యాంప్ జనరేటర్ మరమ్మతుకు ఆపారు. గదుల్లో ఏసీలు లేవు. జనం వచ్చింది గాలి కోసం. ఆ సంగతి సార్‌తో చెప్పలేదు, మైకు అందుకున్నాను.

తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి మొదలుపెట్టాను. "అదిగో, మధ్యలో నిలబడి ఒళ్లంతా మెలితిప్పుకుంటున్నవాడికి కడుపునొప్పి కాదు, బంతి వేయబోతున్నాడు. నాలుగు మూలలా నాలుగు సంచులున్నాయి. సంచి మీద ఉన్నంతసేపు వాణ్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు. మన కంపెనీలో మనకు లేని సౌకర్యం."

నవ్వులు లేచాయి. కాసేపటికి నవ్వులు ఆగి అరుపులు మొదలయ్యాయి. అప్పుడు, ఆట సగంలో, జనరేటర్ గుర్రుమంది. క్యాంప్ గదుల్లో లైట్లు వెలిగాయి, ఏసీలన్నీ ఒక్కసారి మోగాయి. ఇక అందరూ గదుల్లోకి పోతారనుకున్నాను. మాట మధ్యలో ఆగిపోయి జనం వైపు చూశాను.

ట్యాంకర్ మీదున్నవాడు విసుక్కున్నాడు. "ఏందయ్యా ఆపినవ్? సంచి మీదున్నోడు ఏమయిండో చెప్పు."

ఒక్కడు కూడా లేవలేదు.

చివరికి మేం ఒక్క పరుగు ముందున్నాం. వాళ్లలో ఇంకొక్కడు అవుటైతే ఆట మాదే. ఇంజనీర్లలో పొడుగాటివాడు బంతిని బలంగా ఆకాశంలోకి కొట్టాడు. అది లచ్చన్న వైపే దిగుతోంది. లచ్చన్న ఒక్కసారి గ్లవ్ వైపు, ఒకసారి పైకి చూసి, ఆ చెప్పును ఇసుకలో విదిలించేసి, క్లాంపు అందుకున్నట్టు వట్టి చేతులు చాపాడు. పడింది. నిలిచింది. నేనేం చెప్పానో నాకే వినపడలేదు. కబడ్డీవాళ్లు, ఫుట్‌బాల్‌వాళ్లు, క్రికెట్‌వాళ్లు అందరూ కలిసి లచ్చన్నను భుజాల మీదికి ఎత్తారు. "నన్ను దించుండ్రి, చెప్పుల్ పోతయ్" అని వాడి గోల.

వేన్ సార్ బంతి వైపు చూడటమే లేదు. జనం వైపే చూస్తున్నాడు. పక్కకు వెళ్లి నిలబడ్డాను. "ఒక్కడి చేతిలోనూ పేపరు లేదు" అన్నాడు.

నెలాఖరున వెళ్లిపోతూ, లచ్చన్న విదిలించిన ఆ గ్లవ్ నాకిచ్చాడు. ఆయన కాలేజీలో వేసుకున్నదట. ఇప్పుడు నా ఉద్యోగం, ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరినవాళ్లకు సేఫ్టీ గురించి చెప్పడం. మాట మొదలుపెట్టే ముందు, గదిలో ఎవడు పేపరు తిరగేస్తున్నాడో చూస్తాను. వాడికి అర్థమయ్యేదాకా చెబుతాను. వాడు పేపరు మడిచిన రోజున నాకు మైదానమంతా జనంతో నిండినట్టుంటుంది.

గ్లవ్ వంటింట్లో మేకుకు వేలాడుతుంది, కుక్కర్ దించేది దానితోనే. అయితే అది ఎడమచేతిది ఒక్కటే. రెండు చెవుల గిన్నె దించాలంటే కుడిచేతికి మసిగుడ్డ వెతుక్కోవాలి.