మిల్లు గేటు రూలు

‘రీయూజ్’ అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కోదాడలో హైవే పక్కన, కింద టైర్ల షాపు, పైన మా ఆఫీసు. అక్కడ నేను చేసిన పనిని ఆంటాలజీ డిజైన్ అంటారు. ఒక రంగంలో ఏమేం ఉంటాయి, ఏది దేని కిందికి వస్తుంది, దేనికి దేనితో ఏం సంబంధం, ఎప్పుడు ఏం జరగాలి అన్నవన్నీ కంప్యూటరుకు అర్థమయ్యేలా రాసిపెట్టాలి. దాన్ని పట్టుకొని కంప్యూటరు తనంతట తాను ఇది చెయ్యండి, అది చెయ్యకండి అని చెబుతుంది. మా అత్తమ్మ దీన్ని ‘పేర్లు పెట్టే కొలువు’ అనేది. ఆమెకూ నాకూ ఏ విషయంలోనూ పొసగదు గానీ, ఈ ఒక్క మాట మాత్రం తప్పు కాదు.

మా డైరెక్టరు ఈ విద్యను ఏదో వర్క్‌షాపులో నేర్చుకొచ్చాడు. అక్కడ చెప్పినదాంట్లో ఆయన తలకెక్కింది ఒక్కటే: ఒకసారి రాసిన ఆంటాలజీని ఎన్నిచోట్లయినా మళ్లీ వాడుకోవచ్చని. మాట అబద్ధం కాదు. తేదీలు, చిరునామాలు, కొలతలు ఎక్కడైనా ఒకటే. వాటిని ఒకసారి శ్రద్ధగా రాసుకుంటే ప్రతిచోటా మొదటి నుంచి రాయనక్కర్లేదు. అయితే వెంట ఏది తీసుకుపోవాలి, ఏది అక్కడే వదిలేయాలి అన్నది తెలియడమే ఈ పనిలో అసలు పని. ఆయనకు అది తెలియదు. తెలియదన్న సంగతీ తెలియదు. పైగా మెడలో ఐడీ కార్డు వేసుకొని, టైర్ల షాపు వాళ్లకు కూడా రీయూజ్ గురించి పాఠం చెప్పి వచ్చేవాడు.

మొదటి గిరాకీ మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు. వడ్ల లోడు వస్తుంది, తేమ చూస్తారు, రకం చూస్తారు, ఒకచోట దింపుతారు, బియ్యమై బయటికి పోతుంది. ఆ మిల్లు ఆఫీసులో కూర్చొని, తవుడు దుమ్ముకు తుమ్ముకుంటూ నేనే రాశాను. లోడు వెంట వచ్చే డ్రైవరు, క్లీనరు, రైతు, రైతు బావమరిది, అందరూ ‘విజిటర్’ అనే క్లాసు కిందికి, అంటే ఆ వర్గం కిందికి వచ్చారు. లోడు దిగగానే విజిటర్ గేటు దాటాలి. దాటకపోతే వాచ్‌మన్ ఫోను మోగుతుంది. మిల్లులో అది సబబే. ఊరికే తిరిగేవాడు అక్కడ ఏ బెల్టులోనో చేయి పెట్టుకుంటాడు.

తర్వాత సూర్యాపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి దొరికింది. మా డైరెక్టరు మీటింగు పెట్టి, వడ్లయినా రోగులైనా లోపలికి వస్తారు, పరీక్ష చేస్తాం, ఒకచోట పెడతాం, బాగుచేసి బయటికి పంపిస్తాం, కాబట్టి స్ట్రక్చరు ఒకటేనని తేల్చేశాడు. ఒక్కరూ నవ్వలేదు. ‘లోడు’ కొట్టేసి ‘పేషెంటు’ అని పెట్టాడు. స్టాకు పెట్టే చోటు బెడ్డయింది. తేమ పోయి షుగరు, బీపీ వచ్చాయి. విజిటర్‌ను మాత్రం ముట్టుకోలేదు. దాంతో విజిటర్‌కు తగిలించిన గేటు రూలు కూడా వార్డులోకి వచ్చి కూర్చుంది.

నేను ఊరుకోలేదు. మన దగ్గర రోగి ఒక్కడే ఆసుపత్రికి రాడని, పక్కన ఒక మనిషి ఉంటాడని చెప్పాను. చీటీ పట్టుకొని మందుల షాపుకు పరుగెత్తేది ఆ మనిషే. ఏ గోలీ ఎప్పుడు వేశారో గుర్తుపెట్టుకునేది, మంచం కింద చాప వేసుకొని పడుకునేది ఆ మనిషే. డాక్టరు అడిగితే రోగి “బాగనే ఉన్న సారు” అంటాడు. రాత్రంతా మూలిగాడన్న సంగతి చెప్పేది పక్కనున్న మనిషే. వాళ్లు విజిటర్లు కారు, వాళ్లకు వేరే క్లాసు ఉండాలి అన్నాను.

“ప్రపంచంలో ఏ ఆసుపత్రి ఆంటాలజీలోనూ ఆ క్లాసు లేదండీ మేడమ్. మన సూర్యాపేట కోసం ఒకటి పెట్టుకుంటే, రేపు ఇంకోచోటికి రీయూజ్ ఎలా అవుతుందండీ?” అన్నాడు డైరెక్టరు.

మనుషులకు సరిపోకపోయినా ఫర్వాలేదు, ఇంకోచోటికి సరిపోతే చాలు. ఇదీ ఆయన తెలివి. ఆసుపత్రి యజమాని అంతకంటే ఘనుడు. చాపలు, టిఫిన్ బాక్సులు, దువ్వెనలు వార్డులోంచి మాయమైనందుకు మురిసిపోయాడు. వార్డు ఫొటోల్లో చక్కగా వస్తోందట.

కొన్నాళ్లకు మా అత్తమ్మకు కాలికి పుండు పడింది. ఆమెకు షుగరు. మా ఆయన నేరేడుచర్లలో వరికోతల మీద ఉన్నాడు, నేనే తీసుకుపోయాను. ఆమెకు చూపించే డాక్టరు కూర్చునేది ఆ ఆసుపత్రిలోనే కాబట్టి మరో దారి లేకపోయింది. బెడ్డు ఇచ్చిన కాసేపటికే వాచ్‌మన్ వచ్చాడు. “అమ్మా, జర బయటికి పోవాలె. నువ్వు పోయేదాంక నా ఫోన్ మొగుతనే ఉంటది” అన్నాడు. ఆ మోత రాసింది నేనేనని ఆయనకు ఏ ముఖం పెట్టుకొని చెప్పను? పోయి మెట్ల మీద కూర్చున్నాను.

మా అత్తమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. పొలాలున్న ఇంటి మనిషి. నాట్లకు వచ్చినవాళ్లకు అడగకముందే అన్నం పెట్టించిన చెయ్యి. ఎవరైనా పక్కన కూర్చొని వడ్డిస్తేనే తింటుంది. అంతకంటే ముఖ్యం, తినలేదన్న మాట పరాయి మనిషితో చచ్చినా అనదు. అట్లా అనడమంటే ఆమె లెక్కలో చేయి చాపి అడుక్కోవడమే. ఈ ముక్క ఏ ఆంటాలజీలో రాస్తారు? రాయనక్కర్లేదు. పక్కన ఒక మనిషిని ఉండనిస్తే చాలు.

లోపల జరిగింది నాకు తర్వాత తెలిసింది. మధ్యాహ్నం భోజనం పళ్లెం మూతపెట్టి స్టూలు మీద పెట్టిపోయారు. ఆమె ముట్టుకోలేదు. నర్సు వచ్చి ట్యాబులో వచ్చిన ప్రశ్న అడిగింది, భోజనం చేశారా అని. “తిన్న బిడ్డా” అంది మా అత్తమ్మ. నర్సు అవునని నొక్కింది. ఇన్సులిన్ ఇవ్వమని ట్యాబు చెప్పింది. ఇచ్చింది. ఇదివరకైతే ఆ ప్రశ్న పక్కనున్న మనిషినే అడిగేవాళ్లు.

సాయంత్రం విజిటర్ల గంట, అంటే చూడవచ్చినవాళ్లను లోపలికి వదిలే గంటసేపు, మొదలుకాగానే లోపలికి పోయాను. ఆమె ఒళ్లంతా చెమటతో తడిసిపోయి ఉంది. నన్ను చూసి, ఎప్పుడో చనిపోయిన తన చెల్లెలనుకొని, గేదెను కట్టేసినవా అని అడిగింది. పళ్లెం మూత తీసిన జాడ లేదు. నేను కేకలు వేస్తే నర్సు, డాక్టరు పరుగెత్తుకొచ్చి గ్లూకోజు ఎక్కించారు. కాసేపటికి నన్ను గుర్తుపట్టి, మళ్లీ నిద్రలోకి జారుకుంది. ఖాళీ కడుపు మీద ఇన్సులిన్ పడి షుగరు బాగా పడిపోయిందని, ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని డాక్టరు చెప్పాడు.

బయటికి వచ్చి మా డైరెక్టరుకు ఫోను చేశాను. ఆయన అంతా విని, “సిస్టమ్ తప్పేం చేయలేదండీ. ఆవిడే తప్పు ఇన్‌పుట్ ఇచ్చారు” అన్నాడు. నేను ఆయన్ను ఏమన్నానో ఇక్కడ రాస్తే ఎవరూ అచ్చు వేయరు.

ఇంతలో విజిటర్ల గంట అయిపోయింది. వాచ్‌మన్ ఫోను మోగడం మొదలైంది. ఈసారి ఏమైనా సరే కదలనని చెప్పి మంచం పట్టుకొని కూర్చున్నాను. ఆ నర్సు చిన్నపిల్ల, మధ్యాహ్నం అవునని నొక్కింది తనే. అటూ ఇటూ చూసి, ట్యాబు తీసి, నా పేరు పేషెంటు కింద ఎక్కించింది. జబ్బు: జ్వరం. పక్క బెడ్డు ఖాళీగా ఉంటే నన్ను దాని మీద పడుకోమని, చేతికి ఒక పట్టీ కట్టింది. ఫోను ఆగిపోయింది. కోడలిని ఒప్పుకోని మా ఘనమైన సిస్టమ్, లేని జ్వరాన్ని కిక్కురుమనకుండా ఒప్పుకుంది.

తర్వాత తెలిసింది, ఆ పద్ధతి వార్డంతా పాకిందని. మంచానికొక రోగి, పక్కనే ఇంకో రోగి. ఆ నెల మా డైరెక్టరు మీటింగులో తెర మీద చూపించాడు: పేషెంట్లు పెరిగారు, విజిటర్లు ఇంచుమించు లేరు, మన ఆంటాలజీ గెలిచిందండీ అని. ఆసుపత్రి యజమాని చప్పట్లు కొట్టాడు. అదే ఆంటాలజీని కోదాడలో ఒక హాస్టలుకు అమ్మే బేరం కూడా అప్పటికే నడుస్తోంది. ఆ మీటింగులోంచే లేచి వచ్చేశాను, మళ్లీ ఆ ఆఫీసు మెట్లు ఎక్కలేదు.

ఆ సాయంత్రం మాత్రం నాకు ఇవేవీ పట్టలేదు. లైట్లు వేసే వేళకు అత్తమ్మకు మెలకువ వచ్చింది. పక్క బెడ్డు మీద నన్ను, నా చేతి పట్టీని చూసింది. ముఖం పాలిపోయింది. ఇన్నేళ్లలో నా కోసం ఆమె ముఖం అట్లా కావడం నేను చూడలేదు. “నీకేమైంది బిడ్డా” అంది. ఆమె నన్ను బిడ్డా అనడం కూడా అదే మొదటిసారి.

నేను నోరు తెరిచేలోపే వేరే నర్సు ట్యాబు పట్టుకొని వచ్చింది. వరసలో నన్ను కూడా భోజనం చేశారా అని అడిగింది. జవాబు పక్క మంచం మీంచి వచ్చింది.

“తినలే. పొద్దటి సంది ఏం తినలే, సూడు మొఖమెట్ల గుంజుకపోయిందో. అడిగితే తిన్న అంటది, నమ్మకు. జర అన్నం తెప్పియ్యి.”

అన్నం తెప్పించమని ఆమె ఒక పరాయి మనిషిని అడిగింది. పళ్లెం వచ్చాక, కట్టు కట్టిన కాలితోనే లేచి నా మంచం అంచున కూర్చుంది. పప్పు కలిపి ముద్ద చేసి నా నోటి దగ్గర పెట్టింది. నువ్వు కూడా తింటేనే తింటానన్నాను. కసురుకుంది, విసుక్కుంది, చివరికి తన నోట్లోనూ ఒక ముద్ద పెట్టుకుంది. తర్వాత నాకొకటి, తనకొకటి. నాకు ఏ జ్వరమూ లేదని తెలిస్తే ఎక్కడ చేయి ఆపేస్తుందోనని, పళ్లెం ఖాళీ అయ్యేదాకా నేను మూలుగుతూనే ఉన్నాను.